టాంకీల మందు

కాదు బావా. ఆ వీడియో నువ్వెన్నిసార్లు పంపినా కాదు. ఆ రోజు మీ బాపు బండి ఆగింది కల్తీ పెట్రోల్ వల్ల కాదు.

ఈ ముక్క మా ఇంటివాళ్ళ గ్రూప్‌లో టైపు చేసి చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను, మళ్ళీ చెరిపేశాను. వీడియో కింద దండాలూ చప్పట్లూ వచ్చి పడుతూనే ఉన్నాయి. అందులో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, జనగామలో ఒక వేదిక మీద కూర్చుని ఉన్నాడు. రాష్ట్రం వచ్చిన సంబరం. భుజాన శాలువా. వంకర కాలు ముందుకు చాపి, మైకు పట్టుకుని చెబుతున్నాడు. "గీ కాలు నేను తెలంగాణకిచ్చిన. పెట్రోల్ల మందు గలిపిన ద్రోహులను గూడ సూసిన." జనం ఒకటే చప్పట్లు. మామ కొడుకు, అంటే మా బావ, దాన్ని పంపి, పక్కన పిడికిలి బొమ్మ పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మామ మీదా? బావ మీదా? నాకు కోపం తొందరగా వస్తుంది, అది అందరికీ తెలుసు. ఆ కోపం ఇన్నేళ్ళూ ఎవరి మీద పడాలో వాళ్ళ మీద తప్ప అందరి మీదా పడింది. అది ఎవరికీ తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చేతిలో ఫోన్ లేకపోతే వీడికి పిచ్చెక్కుతుంది అని మా అమ్మ తిడుతుంది. నిజమే. చేయి ఖాళీగా ఉంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక జిగురు తగులుతుంది. ఏమీ ఉండదక్కడ. అయినా తగులుతుంది. అన్నం కలుపుతున్నా, బస్సులో కడ్డీ పట్టుకున్నా. ఆ జిగురు సంగతే చెప్పాలి.

తెలంగాణ కోసం సమ్మె చేస్తున్న రోజులవి. బస్సులు బంద్. కాలేజీలు బంద్. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. ఇంట్లో ఉంటే ఏ ఊరేగింపులో లాఠీ దెబ్బ తింటానో అని అమ్మ భయపడి, దొరికిన రైలెక్కించి నన్ను జనగామకి మామ దగ్గరికి పంపింది. మామకి పొలం ఉంది, పలుకుబడి ఉంది, రోడ్డు పక్కన దీక్షా శిబిరంలో ముందు వరసలో కుర్చీ ఉంది. ఒక పాత బండి కూడా ఉంది. దాని పెట్రోల్ టాంకీ అడుగున తుప్పు తిని, అతుకు దగ్గర చెమట పట్టినట్టు పెట్రోల్ ఊరేది. మెకానిక్ షాపుకి తాళం. మర్నాడు మామ మహబూబాబాద్‌లో సభకి పోయి మాట్లాడాలి. అక్కడివాళ్ళంతా దాన్ని మానుకోట అంటారు. మానుకోటల నన్ను పిలిచిండ్రు, మానుకోటల నేను మాట్లాడాలె అని మామ రోజూ అనేవాడు.

శిబిరంలో అందరికీ నేనొక ఆట బొమ్మని. "ఏం పట్నం అల్లుడా, ఫోన్ల అన్నమొస్తదా?" అనేవాళ్ళు. "ఉద్యమం గూడ ఫోన్లనే జేస్తవా?" అనేవాళ్ళు. నవ్వేవాణ్ణి. లోపల ఉడికిపోయేవాణ్ణి. టాంకీ సంగతి వినగానే, నేను చేస్తా మామా అన్నాను. ఫోన్‌లో అలాంటి వీడియోలు చాలా చూశాను. లోపల ఒక రెజిన్ పోసి, అన్ని వైపులకీ తిప్పితే, అది గోడలకి పొరలా పట్టి గట్టిపడుతుంది. చిల్లులు మూసుకుపోతాయి. హైదరాబాద్‌లో మా స్నేహితుడి బండికి చేద్దామని కొన్న డబ్బా నా బ్యాగులోనే ఉంది.

"ఏందిరా గిది?" అన్నాడు మామ డబ్బా తిప్పి చూస్తూ.

"రెజిన్ మామా. టాంకీ లోపల..."

"రెజిన్ లేదు గిజిన్ లేదు. మందు అను. తెల్సినట్టు జెప్పు."

అప్పట్నుంచి అది మందు. అత్త కూడా అదే అంది. "మందుకు ఎండ తల్గుతాందా సూడుండ్రి" అని లోపల్నుంచి కేకేసేది. నేనూ మందు అనడం మొదలుపెట్టాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అంతా దీని మీదే తిరిగింది.

ఆ పొద్దున నిజంగా బాగుండింది. అది కూడా చెప్పాలి కదా. టాంకీ ఊడదీసి, ఉన్న పెట్రోల్ వంచేసి, లోపల పాత నట్లూ చైను ముక్కా వేసి, గోనె సంచిలో చుట్టి, చెరోవైపు పట్టుకుని ఊపాం. తుప్పు రాలాలి కదా. మామ ఊపుకి తగ్గట్టు "జై" అంటే నేను "తెలంగాణ" అనేవాణ్ణి. లోపల నట్లు గలగలమనేవి. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత బాత్రూములు కడిగే యాసిడ్ పోసి, సోడా నీళ్ళతో కడిగి, బోర్లించి ఎండలో పెట్టాం. ఎర్రటి నీళ్ళు కారి కారి తెల్లబడ్డాయి. మామ నా భుజం చరిచి, "మావోడు ఇంజినీరురా" అన్నాడు పక్కింటాయనతో. ఆ చరుపు నాకు ఇంకా గుర్తుంది.

లోపల తడి పూర్తిగా ఆరాలి. ఆరలేదు. టార్చి వేసి చూస్తే మూలన మెరుస్తూనే ఉంది. మధ్యాహ్నం దాటిపోతోంది. పోసేశాను. తిప్పాను. మిగిలింది వంచేశాను. అది గట్టిపడే దాకా కొన్ని రోజులు పెట్రోల్ పోయకూడదని డబ్బా మీద రాసి ఉంది. చదివాను. చదవలేదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. చదివాను.

పొద్దుగూకే ముందు టాంకీ మూతిలోంచి వేలు పెట్టి తాకాను. పాకంలా అంటుకుంది. వేలు తీస్తే తీగ సాగింది.

"ఎండిందారా?" అన్నాడు మామ.

"ఎండింది మామా."

"రేప్పొద్దుగాల మానుకోటకు పోవచ్చా మల్ల?"

"పోవచ్చు."

వేలు ప్యాంటుకి తుడుచుకున్నాను. ఇక్కడి దాకా జరిగింది పొరపాటు అనుకోండి. పొగరు అనుకోండి. కుర్రాడు తొందరపడ్డాడు అనుకోండి. ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ రోజు ఇది రాసేవాణ్ణి కాదు.

పొద్దున్నే బయల్దేరాం. మామ నడుపుతున్నాడు, నేను వెనక. టాంకీలో మళ్ళీ పోసింది కొంచెమే, బంకులు ఎండిపోయాయి. పాలకుర్తి దాటి చాలా దూరం పోయాక, రోడ్డు పక్కన ఒక లంబాడీ తండా దగ్గర, చెక్కబల్ల మీద సీసాల్లో పెట్రోల్ పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. పైన రేకు, వెనక ఒక డబ్బా. కమిలి అని రాస్తాను. అసలు పేరు అది కాదు. ఆమె పేరును ఇంకోసారి రోడ్డు మీద పడేయను.

మామ దిగి, రోడ్డవతల ఎవరో తెలిసినాయన కనబడితే మాటల్లో పడ్డాడు. కమిలి సీసా తెచ్చి, గరాటా పెట్టి పోస్తోంది. టాంకీ కేసి చూసి, "గిది కారుతదేమో బిడ్డా, ఇంతకుముందు మీ మామ వొచ్చినప్పుడు కారుతుండె" అంది.

"ఇప్పుడు కారదు అక్కా. లోపల మందు వేశాను. నేనే వేశాను" అన్నాను.

"మందా? టాంకీకి గూడ మందుంటదా?"

"ఉంటుంది. ఫోన్‌లో చూసి వేశాను."

ఆమె నవ్వింది. ఇంకో సీసా కూడా పోసి మూతి దాకా నింపింది. నింపేటప్పుడు లోపల అంటుకుని ఉన్నదంతా కదిలి ఉంటుంది. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియదు.

కొంచెం దూరం పోయాం. అడ్డరోడ్డు దాటాలి. ఎడమ నుంచి పత్తి బస్తాల ట్రాక్టర్ వస్తోంది. మామ దాటేయొచ్చనుకున్నాడు, దాటేసేవాడే. రోడ్డు మధ్యలో ఇంజన్ దగ్గినట్టయి ఆగిపోయింది. కిక్కు కొట్టే టైం కూడా లేదు. నేను గట్టు కింద పడ్డాను, మోచేయి గీరుకుంది. మామ కాలు బండికీ ట్రాక్టర్ చక్రానికీ మధ్య ఉంది. ఆ అరుపు గురించి రాయను.

ఆటో దొరికింది. నలుగురు పట్టుకుని మామని ఎక్కించి మానుకోట దవాఖానకి తీసుకుపోయారు. నాకు చోటు లేదు. బండి పక్కన నేను, చుట్టూ జనం. చేతులు ఊరికే ఉండలేక టాంకీ కిందున్న పెట్రోల్ పైపు పీకాను. ధార రావాలి. రాలేదు. చుక్క చుక్కగా, గంజిలా తెల్లగా వచ్చింది. ఒక సీసాలో పట్టాను. ఆ గొట్టం నోట్లో ఏదో అడ్డం పడి ఉంది. గోటితో లాగాను. ఉల్లిపొర లాంటిది. పలచగా, జిగురుగా, వేళ్ళ మధ్య ముడుచుకుపోయింది.

నేను వేసిన మందు.

నాకు అర్థం కాలేదని చెప్పలేను. ఆ క్షణంలోనే అర్థమైంది. అంతా, ఒక్కసారిగా. గడ్డికి రాసేశాను. వేళ్ళు మట్టిలో రుద్దాను.

"ఏమైందిరా? బండెట్ల ఆగింది?" అని ఎవరో అడిగారు.

"కల్తీ" అన్నాను.

ఒక్క మాట. అది నా నోట్లోంచి ఎలా వచ్చింది? ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. తెలియదు అనొచ్చు కదా. ఏడ్వొచ్చు కదా. నా కోపమంతా ఒక దారి కోసం చూస్తోంది, ఆ మాట దారి చూపించింది. మామకి జరిగినదానికి ఎవరో ఒకరు కావాలి. అది నేను కాకుండా ఉండాలి. సీసాకి ఫోటో తీశాను. దాని కింద "ఉద్యమకారుడి బండిలో కల్తీ పెట్రోల్, తండా దగ్గర బల్ల మీద కొన్నది" అని రాసి ఫోన్‌లో ఉన్న అందరికీ పంపాను. ఆ వేళ్ళతోనే. స్క్రీన్ మీద మట్టి అంటింది.

కమిలి బల్ల దగ్గరికి నేనూ ఆ జనమూ చేరేసరికి మాకంటే ముందు ఆ ఫోటో చేరింది. జనం గుమిగూడి ఉన్నారు. ఆమె లేచి నిలబడి ఉంది, ఏం జరిగిందో తెలియక.

"ఏందే, ఏం గలిపినవ్ గిండ్ల?"

ఆమె నా చేతిలోంచి సీసా తీసుకుంది. ఎండకి పెట్టి చూసింది. అరచేతిలో ఒంపుకుని రుద్దింది. జిగురు సాగింది. మొహంలో గాబరా పోయింది. జవాబు దొరికినదానిలా తలెత్తింది.

"గిండ్ల మందున్నది" అంది.

"ఇన్నరా? మందున్నదంట! ఆమెనే ఒప్పుకున్నది!"

"ఏం మందే? పత్తికి గొట్టేదా?"

"తాగే మందైతే మాకే పోసేది గద!" ఎవరో అన్నారు. నవ్వారు. అంత కోపంలో కూడా నవ్వారు.

"అయ్యా, నేను గలుపలె. నా మాట ఇనుండ్రి. గిది టాంకీల మందు. టాంకీ లోపల ఏసిండ్రట. గీ పిలగాడే జెప్పిండు నాకు పొద్దుగాల." ఆమె నా వైపు తిరిగింది. వేలు చూపించలేదు. చేయి చాపింది, నేను పట్టుకుని పైకి లాగాలన్నట్టు. "చెప్పు కొడుకా. నువ్వే గద అన్నవు? జర జెప్పు."

అందరూ నా వైపు చూశారు. నేను ఫోన్ వైపు చూశాను.

"నాకేం తెల్వదు. నేనేం చెప్పలె" అన్నాను.

పట్నం మాట కాదు, వాళ్ళ మాటలోనే అన్నాను. అంతవరకూ రాని యాస ఆ క్షణంలో శుభ్రంగా వచ్చింది.

కమిలి చేయి దించింది. నా నోటి వైపు చూసింది.

"నోట్ల గూడ గదే మందు ఏసుకున్నవా, కొడుకా?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. తిట్టిందనుకున్నారు. మొదటి సీసా అప్పుడే పగిలింది.

బల్ల బోర్లించారు. డబ్బా దొర్లించారు. పెట్రోల్ మట్టిలో ఇంకి వాసన కళ్ళలోకి వచ్చింది. ఎవరో అగ్గిపెట్టె తీస్తే ఒక పెద్దాయన చేతి మీద కొట్టి లాక్కున్నాడు. అంత మేలు జరిగింది, కానీ అది నేను చేయలేదు. రేకు పీకి రోడ్డు మీద పడేశారు. తండా ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆమె వాళ్ళతో తమ భాషలో ఏదో చెబుతోంది, మధ్యమధ్యలో ఒక్క తెలుగు మాట వినబడుతోంది. మందు. మందు. ఆమె ప్రతిసారీ నిజమే చెప్పింది. ప్రతిసారీ అది ఆమె మీదికే పోయింది.

నా మాటే ఎందుకు నమ్మారు? నేను నిజాయితీపరుణ్ణనా? వాళ్ళు నన్ను చూడటం అదే మొదటిసారి. మా మామ ఫలానా ఇంటివాడు, నేను ఆ ఇంటి మేనల్లుణ్ణి. ఆమె తండా మనిషి. అంతే. మన రాష్ట్రం మనకొస్తే అందరికీ న్యాయం అని పాడుతున్న గొంతులే అవి. నేనూ పాడాను.

దవాఖానలో మామ కాలికి కట్టు వేసి పడుకోబెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఉత్సాహంగా చెప్పారు. "దొరికిందే అన్నా. మందు గలిపినట్టు అందరి ముందట ఒప్పుకున్నది."

"మందా?" అన్నాడు మామ.

నా వైపు చూశాడు. నేను ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాను. మామ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ మాటని మా ఇంట్లోకి తెచ్చిందే మామ. మందు అను, తెల్సినట్టు జెప్పు అన్నది ఆయనే. ఆయనకి అర్థం కాలేదా? ఇంటికొచ్చిన వారంలోనే ఆ టాంకీని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు, ఎవరూ లోపలికి చూడకముందే. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. తర్వాత ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ముందు శిబిరంలో, తర్వాత సభల్లో, ఇప్పుడు శాలువా కప్పుకుని. కథలో నేను ఎక్కడా ఉండను. నన్ను కాపాడుతున్నాడా? తన కాలికి ఒక అర్థం కావాలి కాబట్టి చెబుతున్నాడా? ఫోన్‌లో చూసి వేసిన మందు వల్ల వంకరపోయిన కాలు అంటే ఎవరు చప్పట్లు కొడతారు? ఈ రెండు ప్రశ్నల మధ్య నేను నలిగిపోయాను. నలిగిపోయాను అనడానికి కూడా సిగ్గేస్తోంది. నలిగింది ఇద్దరు, నేను కాదు.

ఆ తర్వాత కమిలి దగ్గర ఎవరూ ఏమీ కొనలేదు. పేరు ముందు కల్తీ అని తగిలించారు. పోయిన ఏడాది నేను పాలకుర్తిలో ఒక ఆటో అతన్ని అడిగితే, "కల్తీ కమిలా? భూపాలపల్లి దిక్కు పోయిండ్రన్నా, బొగ్గు పని దొరుకుతదని" అన్నాడు. మామూలుగా అన్నాడు, ఇంటిపేరు చెప్పినట్టు.

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఘనపూర్ దాటి భూపాలపల్లి పోయే రోడ్డులో బొగ్గు లారీల దుమ్ము. ఊళ్ళో ఇద్దరు ముగ్గుర్ని అడిగితే చూపించారు. రోడ్డు పక్కన సంచి పరిచి, సీతాఫలాలు పెట్టుకుని కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. నేను హెల్మెట్ తీయలేదు. చెప్పడానికే పోయాను, దారంతా ఆ మాటలే వల్లె వేసుకుంటూ పోయాను. ఆమె ముందు నిలబడేసరికి నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"నీళ్ళ సీసా ఉందా అక్కా?"

"సీసలల్ల పోసేది ఏదీ అమ్ముతలేను బిడ్డా" అంది. "గివే. కంటికి కనిపిచ్చేటియే అమ్ముత."

ఎందుకని నేను అడగలేదు. ఫోన్ మోగినట్టు చెవి దగ్గర పెట్టుకున్నాను. ఎవరూ లేని ఫోన్‌లో ఆఁ ఆఁ అంటూ పళ్ళు కొనుక్కుని వచ్చేశాను. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఇంటికి తెస్తే అమ్మ తిని, "తియ్యగున్నయిరా, ఏడికెళ్లి తెచ్చినవ్?" అంది. నేను ఒక్కటీ ముట్టలేదు.

క్షమించమని అడగడానికి కాదు ఇది. ఎవరిని అడగాలి? మీరు క్షమిస్తే ఆమె రేకు లేచి నిలబడుతుందా? మామ కాలు తిన్నగా అవుతుందా? ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం లోపలికి పోతోంది. అంతే. దానికి కూడా నాకు హక్కుందో లేదో తెలియదు. ముందు మీకు చెప్పాను. తర్వాత ఇదంతా ఆ వీడియో కింద, ఆ దండాల మధ్యలో పెడతాను. బావ నన్ను చంపుతాడు. అమ్మ ఏడుస్తుంది. మామ ఏం చేస్తాడో ఊహించలేను. మళ్ళీ గోడ వైపు తిరుగుతాడేమో. ఆ తర్వాత హెల్మెట్ లేకుండా భూపాలపల్లి వెళ్ళాలి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళాలి. వెళ్తానా? ఇక్కడ రాశాను కాబట్టి తప్పించుకోవడం ఇంతకు ముందంత తేలిక కాదు.

బావా, ఇది కూడా చదువుతావు కదా. కల్తీ లేదు, ద్రోహి లేదు. ఆ రోజు అందరి ముందు ఆమె ఒప్పుకుందన్నారు. ఆమె ఒప్పుకోలేదు, చూసింది చూసినట్టు చెప్పింది. టాంకీల మందున్నది. ఏసింది నేను. ఆమె మందున్నది అన్నప్పుడు ఆ ఒక్క మాటకే నమ్మేసి సీసాలు పగలగొట్టారు కదా, మరి నేను చెబుతుంటే ఎవరు కాదంటారు?